బండి ఆగినా కిస్తీ ఆగదు: మన ఊళ్ల సరుకు బండ్ల చరిత్ర, రిపేర్ల లెక్క

మన సమాఖ్య నివేదికలో ఏటా పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటూ వస్తున్నాం. ఈసారి వాటి పక్కన ఇంకో లెక్క పెడుతున్నాం. సంఘం అప్పుతో కొన్న సరుకు బండ్లు ఎన్నేళ్లు నడిచాయి, ఎన్నిసార్లు షెడ్డుకు పోయాయి, ఎవరి బండి నిలబడింది అన్న లెక్క. ఇది మెకానిక్కులు రాయాల్సింది కదా, మీకెందుకు అని ఇంట్లో ఎవరైనా అంటే, అప్పు కాగితం మీద సంతకం ఎవరిదో చూపించండి.

పోయిన వానాకాలంలో ఒక గ్రామ సంఘం సమావేశానికి బండి అప్పు కోసం దరఖాస్తు వచ్చింది. ఏ బండి కొనాలన్న దగ్గర మాట మొదలైంది. ఇక ఎజెండాలో ఉన్నవన్నీ పక్కకు పోయాయి.

"మా ఆయన బండి తొమ్మిదేండ్లాయె అక్కా, ఇప్పటిదాంక ఇంజను విప్పలె" అని ఒక చెల్లె అన్నది.

"ఇంజను విప్పకపోతే ఏమాయె, క్లచ్ ప్లేట్లు ఎన్ని మార్చిన్రో చెప్పు" అని వెనక నుంచి ఇంకొకామె.

"మీది పాలబండి వదినా. పొద్దుగాల పోయి పదింటికల్ల ఇంటికొస్తది. మాది అల్లం లోడు. మా కమాన్ల కష్టం నీకేమెరుక?"

ఆ రోజు కూర్చున్నవాళ్లలో తొమ్మిది మంది ఇళ్లల్లో సరుకు బండ్లు ఉన్నాయి. మైలేజీ ఎంతని అడిగితే అందరూ భర్త చెప్పిన మాటే చెప్పారు. రిపేరుకు ఎంతైందని అడిగితే మాత్రం సొంతంగా చెప్పారు. ఆ పైసలు బీరువాలోంచి తీసిచ్చింది వాళ్లే కాబట్టి. ఆ మాటలు విన్నాక ఇది రాసి పెట్టాల్సిందే అనిపించింది.

ఇట్లా బండ్లను పోల్చుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. మన తల్లుల కాలం నుంచి ఉంది, బండ్ల పేర్లే మారాయి. ఒకప్పుడు ఎడ్లబండి మీద సరుకు సడక్ దాకా తెచ్చి లారీ కోసం చూసేవాళ్లు. జీపులు ఉండేవి కానీ అవి సర్కారు వాళ్లకు, పెద్ద ఆసాములకు. మహీంద్రా కంపెనీ 1947లోనే బొంబాయిలో జీపులు బిగించడం మొదలుపెట్టినా, మన కూరగాయల మూటలకు అందులో చోటు దొరికింది చాలా ఏళ్ల తర్వాత. బజాజ్ టెంపో అనే కంపెనీ జర్మనీ వాళ్ల పొత్తుతో మూడు చక్రాల సరుకు బండ్లు చేసింది, 1969లో మెటడోర్ వ్యాను తెచ్చింది. ఆ జర్మనీ కంపెనీ పేరు టెంపో. మన దగ్గర ఆ పేరు కాస్తా ఏ కంపెనీ చిన్న బండికైనా పేరైపోయింది. "టెంపో మాట్లాడుకొని పెండ్లికి పోయినం" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ తర్వాత జరిగింది మన గడప ముందే జరిగింది కాబట్టి కొంచెం ఆగి చెప్పుకోవాలి.

హైదరాబాద్ ఆల్విన్ అంటే 1942లో మొదలైన కంపెనీ. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, చేతి వాచీలు చేసేది. ఆల్విన్ వాచీ పెట్టుకున్న అల్లుడంటే అప్పట్లో గొప్పే. ఆ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కంపెనీతో పొత్తు పెట్టుకొని 1980ల నడుమ మన జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీ పెట్టింది. అప్పుడు ఇది మెదక్ జిల్లా. సరిగ్గా అదే కాలంలో దేశంలో ఇంకో మూడు చోట్ల ఇట్లాంటివే వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి. నాలుగింటికీ జపాన్ ఇంజనే. పాత బండ్లతో పోలిస్తే డీజిల్ తక్కువ తాగేవి, క్యాబిన్‌లో సుఖంగా కూర్చోవచ్చు. నడిపినవాళ్లు ఈ రోజుకీ ఆ ఇంజన్లను మెచ్చుకుంటారు.

మరి అంత మంచి బండ్లు ఎందుకు నిలబడలేదు? మనకు ఇక్కడే ఒక పాఠం దొరుకుతుంది, అందులో ఇంజను తప్పేమీ లేదు. మొదట్లో చాలా భాగాలు జపాన్ నుంచే రావాలి. 1985 సెప్టెంబరులో పెద్ద దేశాలు న్యూయార్క్‌లో కూర్చొని ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని తర్వాత జపాన్ యెన్ విలువ పైకి లేచింది. అంతకు ముందు డాలరుకు 240 యెన్ల దాకా వచ్చేవి, 1988 నాటికి 130 దగ్గరకు దిగాయి. మన రూపాయి అట్లా పెరగలేదు. అంటే జపాన్‌లో అదే గేరు చక్రం, అదే ధర, జహీరాబాద్‌కు వచ్చేసరికి ఖరీదు రెండింతల దాకా పోయింది. ఎక్కడో ఎవరో పెద్దవాళ్లు సంతకం పెడితే మన దగ్గర బండి రిపేరు ఖర్చు పెరగడమంటే ఇదే.

ఇంతలో 1986లో టాటా వాళ్లు 407 తెచ్చారు. అది జపాన్ బండ్లంత నాజూకుగా లేదు. కానీ దాని విడిభాగాలు ఇక్కడే తయారయ్యేవి, లారీలు విప్పడం తెలిసిన ప్రతి మేస్త్రికీ దాని పని తెలుసు. బజారు దానివైపు తిరిగింది. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ 1980ల చివర్లో మహీంద్రా చేతికి పోయింది. ఇప్పుడు అక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. డీసీఎం టయోటా 1990లలో కొరియా దేవూ కంపెనీకి పోయి కార్లు చేసింది, తర్వాత అదీ మూతపడింది. పేరు మాత్రం మన నోట్లో మిగిలింది. పేపర్లో ఇప్పటికీ "డీసీఎం ఢీకొని" అనే రాస్తారు. డీసీఎం అంటే ఢిల్లీ బట్టల మిల్లు అని ఎంతమందికి తెలుసు? బట్టల మిల్లు పేరు పెట్టుకొని మన వడ్ల బస్తాలు మోస్తున్నాం.

ఇన్ని బండ్లు వచ్చినా అవన్నీ షావుకార్ల బండ్లే, కిరాయి ఎంత చెబితే అంత ఇచ్చేవాళ్లం. మన ఇళ్లలోకి బండి వచ్చింది 2005 తర్వాత. ఆ ఏడాది మే నెలలో టాటా ఏస్ వచ్చింది. ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల ఇంజనును సగం చేసినట్టు రెండు సిలిండర్లు, 702 సీసీ, మోసే బరువు 750 కిలోలు. ఉత్తరాదిలో దానికి ఛోటా హాథీ అని పేరు పెట్టారు, అంటే చిన్న ఏనుగు. ధర మూడు చక్రాల ట్రాలీ ఆటోకు కొంచెమే ఎక్కువ. అప్పటిదాకా ఆటో నడిపినవాళ్లకు నాలుగు చక్రాల బండి చేతికొచ్చింది. నాలుగు చక్రాలుంటే పిల్లనిస్తారని కూడా ఒక ధీమా. నవ్వకండి, మనలో కొందరి పెళ్లిళ్లు అట్లా అయినవే. 2017 నాటికి ఏస్ రకం బండ్లు 20 లక్షలు దాటాయి. 2011లో అశోక్ లేలాండ్ వాళ్లు దోస్త్ తెచ్చారు, ఒకటింబావు టన్ను బండి. అందులో పొత్తు ఎవరితో అనుకున్నారు? మళ్లీ ఆ నిస్సానే. ఆ పొత్తు 2016లో విడిపోయింది. ఈసారి మాత్రం బండి ఆగలేదు, తమిళనాడులో తయారవుతూనే ఉంది. జహీరాబాద్‌లో జరిగినదానికీ దీనికీ తేడా ఎక్కడుందో మీరే చూసుకోండి.

మన సంఘాలు బ్యాంకు లింకేజీతో కాస్త పెద్ద అప్పులు తీసుకునే స్థితికి వచ్చింది కూడా దాదాపు ఇదే కాలంలో. గేదెలకు, కిరాణా కొట్టుకు ఇచ్చినట్టే బండికీ ఇచ్చాం. గేదెను కొనేటప్పుడు పళ్లు చూసేవాళ్లం, పొదుగు చూసేవాళ్లం, ఎన్నో ఈత అని అడిగేవాళ్లం. బండి దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. "బండి సంగతి మీకేం తెలుసు" అంటే నిజమేననుకొని ఊరుకున్నాం. ఎంత దండగ పడ్డామో చెప్పడానికి ఒక సంగతి రాస్తున్నాం. ఆమె అనుమతి తీసుకొనే రాస్తున్నాం, పేరు లేదు, బండి కంపెనీ పేరూ లేదు.

పన్నెండు మంది సంఘం. అందులో ఒకామె తన వంతు అప్పు తీసుకొని, ఇంట్లో ఉన్నది కలిపి భర్తకు సెకండ్ హ్యాండ్ బండి ఇప్పించింది. కోహీర్ జామకాయలు, ఎండాకాలం మామిడి, మిగతా రోజుల్లో బంగాళాదుంప, అల్లం. బోయిన్‌పల్లి మార్కెట్‌కు తిరిగేది. ఎనిమిది నెలలు కిస్తీ ఒక్క రోజు తప్పలేదు. తొమ్మిదో నెల ఎండల్లో, పొద్దున లోడుతో పోతుంటే బండి సడక్ మీద ఆగిపోయింది. రేడియేటర్ పైపు దగ్గర సన్నగా నీళ్లు కారుతున్నాయట. ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్‌లో కలిశాయి. ఆయిల్ గేజి పుల్ల బయటికి తీస్తే చాయ్‌లో పాలు పోసినట్టు ఉందని చెప్పింది. ఆ ఆయిల్‌తోనే ఇంకా కొంత దూరం లాగాడు, బేరింగులు పట్టేశాయి. ఇంజను మొత్తం దింపాల్సి వచ్చింది. బండి నలభై రోజులు షెడ్డులో ఉంది.

కిస్తీ ఆగదు కదా. ఒక్కరి కిస్తీ తప్పితే సంఘం మొత్తానికి వడ్డీ రాయితీ పోతుంది, కొత్త అప్పు రాదు. మొదటి నెల మిగతా పదకొండు మంది వేసుకొని కట్టారు. రెండో నెల ఏం చేశామో రాయడానికి సిగ్గుగా ఉంది. మేమే, ఈ నివేదిక రాస్తున్న మేమే, పోయి ఆమె వాకిట్లో కూర్చున్నాం. పైసలు వచ్చేదాకా లేవమన్నాం. ఆమె చెవుల కమ్మలు తీసిచ్చింది. తర్వాత ఆరు నెలలు సమావేశానికి రాలేదు. వచ్చిన రోజు ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి మా ముందర పెట్టింది.

ఆ డబ్బాలో బండి బిల్లులున్నాయి. ఒక్క చీటీ పారేయలేదు. టైర్ల బిల్లు, బ్యాటరీ బిల్లు, ఆయిల్ బిల్లు. తేదీల వరుసన పరిచి చూస్తే, బండి ఆగిపోవడానికి ముందు ఇరవై రోజుల్లో మూడుసార్లు కూలెంట్ కొన్న చీటీలు కనబడ్డాయి. అది రేడియేటర్‌లో పోసే నీళ్లమందు. బాగున్న బండికి నెలల తరబడి పోసే పనే పడదు. మూడుసార్లు పోశారంటే ఎక్కడో కారుతోందని అర్థం. పైపుకు అప్పుడే కొన్ని వందలు పెట్టి ఉంటే సరిపోయేది. జబ్బు సంగతి ఆ చీటీల మీదే ఉంది. చీటీలు ఆమె దగ్గరున్నాయి, బండి ఆయన దగ్గరుంది. ఇద్దరూ కలిసి చూసుకోలేదు. మేమైతే అసలు అడగనే లేదు.

పోయిన వానాకాలం గొడవ జరిగినప్పుడు మాకు ఆ డబ్బానే గుర్తొచ్చింది. తొమ్మిది ఇళ్ల బిల్లులూ తెప్పించాం. కొందరి దగ్గర కవర్లలో ఉన్నాయి, ఇద్దరి దగ్గర సగమే ఉన్నాయి, ఒకామె గోడ క్యాలెండర్ మీద తేదీ పక్కన రాసుకుంది. వీవోఏ చెల్లె అన్నీ ఒక పెద్ద రిజిస్టరులో ఎక్కించింది. మూడు కంపెనీల బండ్లు, నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా వయసు.

మొదట కనబడింది ఏమిటంటే, మూడేళ్ల లోపు అన్ని బండ్లూ బంగారమే. ఆయిల్, ఫిల్టర్లు, టైర్లు తప్ప ఖర్చు లేదు. కాబట్టి రెండేళ్ల బండి ఓనరును అడిగి లాభం లేదు. పెళ్లయిన రెండు నెలలకు అల్లుడి గుణం చెప్పమన్నట్టే. నాలుగు, ఐదు ఏళ్లలో క్లచ్, బ్యాటరీ, బ్రేకుల పని మొదలవుతుంది. ఆ తర్వాత డీజిల్ పంపు, నాజిళ్లు, సెల్ఫ్ మోటారు, వైరింగ్. బండ్ల మధ్య తేడా ఇక్కడి నుంచే తేలుతుంది. ఎనిమిదేళ్లు దాటితే ఇంకో ఖర్చు కూడా. అప్పటిదాకా రెండేళ్లకోసారి చేయించే ఫిట్‌నెస్ ఇక ఏటా చేయించాలి, దానికి ముందు తుప్పు, లైట్లు, బ్రేకులు అన్నీ సరిచేయించాలి.

రెండోది మమ్మల్నే ఆశ్చర్యపరిచింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది కొన్న రెండు బండ్లు. ఒకటి పాలబండి, ఇంకోటి అల్లం బండి. పాలబండికి కమాన్లు ఒక్కసారీ మార్చలేదు. అల్లం బండికి మూడుసార్లు కమాను పట్టీలు, రెండుసార్లు వెనక చక్రాల బేరింగులు, క్లచ్ మూడుసార్లు. బండి చెడ్డదా? 750 కిలోల బండి మీద 50 కిలోల బస్తాలు పదిహేనే వేయాలి. మన దగ్గర పదిహేను బస్తాలతో బయలుదేరిన బండిని ఎవరైనా చూశారా? ముప్పై వేస్తారు. కమాను కింద అదనంగా పట్టీ వేయిస్తే సరిపోతుందంటారు. పట్టీ బరువును ఆపుతుంది కానీ ఆ బరువు యాక్సిల్ మీద, బేరింగుల మీద, టైర్ల మీద, క్లచ్ మీద పడకుండా ఎట్లా ఉంటుంది? ఒక ట్రిప్పులో రెండు ట్రిప్పుల కిరాయి వచ్చిందని ఆ సాయంత్రం సంతోషిస్తాం. అదంతా నాలుగో ఏట షెడ్డు ఆయనకు పోతుంది. ఇట్లా చెబితే మా మీద కోపం వస్తుందని తెలుసు. రైతు ఒకే కిరాయి ఇస్తానంటే, పక్క బండివాడు ముప్పై బస్తాలకు ఒప్పుకుంటే, మనవాడు ఏం చేయాలన్నదీ నిజమే. దానికి మా దగ్గర జవాబు లేదు.

ఇంకో ఇంట్లో బండి పద్దెనిమిది రోజులు ఆగింది. విడిభాగం ధర మూడున్నర వేలు, బిగించడానికి ఒక పూట. మిగతా రోజులన్నీ ఆ భాగం కోసం ఎదురుచూడటమే. డీజిల్ పోను రోజుకు ఎనిమిది వందలు మిగులుతాయని ఆ ఇంటామె లెక్క. అంటే 14,400 రూపాయలు పోయాయి. బిల్లు మీద కనబడేది మూడున్నర వేలే. అందుకే రిజిస్టరులో "బండి నిలిచిన రోజులు" అని ఒక గడి పెట్టాం. ఆ గడి చూశాక చాలామంది అభిప్రాయం మారింది. కొంచెం డీజిల్ ఎక్కువ తాగినా, సామాను జహీరాబాద్‌లోనో బీదర్‌లోనో అదే రోజు దొరికే బండే మేలన్నారు. 1986లో మన పెద్దలు నిస్సాన్ పక్కన 407ను చూసి చెప్పిన మాట కూడా ఇదే.

కొత్త బండ్లకు కొత్త తిప్పలు వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్మాలన్నారు. పొగ తగ్గడం మంచిదే, షెడ్డు పక్కన ఇల్లున్నవాళ్లను అడగండి. అయితే చాలా డీజిల్ బండ్ల పొగగొట్టంలో ఇప్పుడు మసిని పట్టే ఒక జల్లెడ ఉంటుంది. అది పట్టిన మసిని తానే కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి, అప్పుడే వేడి చాలుతుంది. ఊరు నుంచి ఊరికి ఆగుతూ తిరిగే బండికి ఆ వేడి రాదు. జల్లెడ మూసుకుపోయి ముందర లైటు వెలుగుతుంది, బండి లాగదు. చెవి పెట్టి విని జబ్బు చెప్పే మన పాత మేస్త్రి దీనికి ఏం చేయలేడు, ల్యాప్‌టాప్ పెట్టి చూడాలి. చిన్న దూరాలు తిరిగేవాళ్లు ఇప్పుడు పెట్రోలు, గ్యాసు బండ్లవైపు చూస్తున్నారు. 2022లో ఏస్ కరెంటు బండి కూడా వచ్చింది. మన తొమ్మిది ఇళ్లలో అది లేదు కాబట్టి మంచిచెడ్డలు చెప్పం.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల మాట కూడా సమావేశంలో వచ్చింది. ఒకామె తమ్ముడు సౌదీలో టయోటా పికప్ నడిపి వచ్చాడు. "ఆ బండికి చావు లేదక్కా" అంటాడట. హైలక్స్ అని 1968 నుంచి ఉన్న పేరు, మంచిదే అయుంటుంది. 2022లో మన దేశంలోకీ వచ్చింది, 30 లక్షలు దాటిన ధరతో. ఇసుజు వాళ్లయితే 2016 నుంచి ఆంధ్రలో శ్రీసిటీలోనే పికప్‌లు చేస్తున్నారు. ఆ తమ్ముడి మాట పూర్తిగా వినండి. అక్కడ సర్వీసు తేదీ దాటనిచ్చేవాళ్లు కాదట, ఖర్చు కంపెనీదే. ఇక్కడ మనం "ఈ ఒక్క ట్రిప్పు అయినంక ఆయిల్ మారుద్దాం" అని మూడు నెలలు గడుపుతాం. రిజిస్టరులో ఆయిల్ మార్పిడి సమయానికి చేసిన బండ్లు నాలుగే. వాటిలో మూడు ఇంటివాళ్లే నడిపేవి, ఒకటి మాత్రం జీతం డ్రైవరుది. తొమ్మిదేళ్లుగా ఇంజను విప్పలేదన్న చెల్లె బండి ఆ నాలుగింట్లోనే ఉంది. ఆమె గొప్ప చెప్పుకోవడం కాదు, నిజమే చెప్పింది.

ఈ ఏడాది బండి దరఖాస్తు పెట్టిన చెల్లెకు అప్పు కాదనలేదు, వెంటనే ఇవ్వనూ లేదు. తాను కొనాలనుకున్న రకం బండి ఐదేళ్లు దాటినవి మూడు చూసి, ఇంటివాళ్లతో మాట్లాడి రమ్మన్నాం. మొదట ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత రెండు ఊళ్లు తిరిగింది. జహీరాబాద్‌లో విడిభాగాల షాపుకు పోయి క్లచ్ సెట్టు ధర, డీజిల్ పంపు రిపేరు ధర అడిగి కాగితం మీద రాసుకొచ్చింది. "బండి లేకుండ పార్టు ధర అడుగుతున్నవేందమ్మా" అని షాపాయన నవ్వాడట. మూడో ఊళ్లో బండాయన ఇంట్లో లేడు, లోడుతో హైదరాబాద్ పోయాడు. ఆయన భార్య వాకిట్లో అల్లం కడుగుతోంది. బిల్లులన్నీ బియ్యం డబ్బా మీద కవర్లో ఉన్నాయని, ఈ ఆదివారం తీరిగ్గా వస్తే కూర్చొని చూద్దామని చెప్పి పంపింది.